బొమ్మ ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: డ్రాయింగ్ క్లాసులో ప్రతి ఆదివారం ఒకరి బొమ్మలు ఒకరం చూసుకుంటాం. ‘బాగుంది’ అంటే వాళ్లకు ఉపయోగం లేదు, ‘పోలిక రాలేదు’ అంటే చిన్నబుచ్చుకుంటున్నారు. పెన్సిల్ పోర్ట్రెయిట్ చూసి పనికొచ్చేలా ఎలా చెప్పాలి? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పోలిక రాలేదన్న సంగతి వేసినవాళ్లకు ముందే తెలుసు. ఎక్కడ తప్పిందో తెలియకే మీకు చూపిస్తున్నారు. కాబట్టి చోటు చూపించి చెప్పండి.

బొమ్మ పూర్తయిందా, ఇంకా వేస్తున్నారా అని ముందు అడగండి. వాళ్లు చూసి వేసిన ఫొటోను బొమ్మ పక్కనే పెట్టించి, ఆరేడు అడుగుల దూరం నుంచి కళ్లు సగం మూసి రెండూ చూడండి. తర్వాత కొలతలు. ఎదురుగా చూసే ముఖంలో నడినెత్తికీ గడ్డానికీ దాదాపు సగంలో కళ్లు ఉంటాయి. కొత్తవాళ్లు నుదురుకు, జుట్టుకు చోటు తగ్గించి కళ్లను పైకి జరిపేస్తారు. పోలిక చాలాసార్లు పోయేది ఇక్కడే. రెండు కళ్ల మధ్య సుమారు మరో కన్ను పట్టేంత ఎడం ఉండాలి. ఇవి సగటు లెక్కలు; ఫొటోలో మనిషికి తేడా ఉంటే ఫొటోనే నమ్మాలి.

“కళ్లు అర సెంటీమీటరు పైకి ఉన్నట్టున్నాయి, ఒకసారి కొలిచి చూస్తారా?” అనండి. వాళ్ల కాగితం మీద మాత్రం ఒక్క గీత కూడా గీయకండి. ట్రేసింగ్ పేపర్ పరిచి దానిమీద దిద్ది చూపించండి. అది ఎత్తి దించుతుంటే తేడా వాళ్లకే కనిపిస్తుంది, బొమ్మ చెక్కుచెదరదు.

కొలతలు కుదిరేదాకా షేడింగ్ మాట ఎత్తొద్దు. తప్పుచోట ఉన్న కంటికి రెప్పల వెంట్రుకలు దిద్దిస్తే ఆ శ్రమంతా రబ్బరు పాలవుతుంది. ముఖమంతా ఒకే బూడిద రంగులో చప్పగా ఉంటే, మామూలు హెచ్‌బి పెన్సిల్ ఒక్కదానితోనే వేశారేమో అడగండి. ముక్కురంధ్రాలు, పెదవుల మధ్య గీత, గడ్డం కింది నీడ ఇంకా నల్లగా పడే 4బి, 6బి పెన్సిళ్లతో ముదురు చేయమనండి. కంటి తెల్లగుడ్డును కాగితం తెలుపుగా వదిలేస్తే కళ్లు పొడుచుకొచ్చినట్టుంటాయి, అక్కడా లేత నీడ కావాలి.

ఒకసారికి రెండు సూచనలు చాలు. మెచ్చుకోలుకూ చోటు చెప్పండి: “ఎడమ చెంప మీద నీడ మెత్తగా కలిసింది, దాన్ని కదపొద్దు.” అలా చెప్తే దిద్దుబాటులో కుదిరినదాన్ని చెరిపేసుకోరు.

ప్రశ్న: మా నాలుగేళ్ల పాప తలకే కాళ్లూ చేతులూ అతికించి మనుషుల్ని గీస్తోంది. సరిచేయాలా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దండీ. ఆ వయసులో పిల్లలు చాలామంది అలాగే గీస్తారు, మొండెం తర్వాత దానంతటదే వస్తుంది. “ఈవిడ ఎవరు? ఎక్కడికి వెళ్తోంది?” అని అడగండి, కాగితాలు బాగా ఇవ్వండి.