అమ్మను కూర్చోబెట్టింది మీరే

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. నాన్న పోయాక పరకాల దగ్గరి మా ఊరి నుంచి హనుమకొండకు తెచ్చుకున్నాం. షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. రోజూ నడవాలని డాక్టరు చెప్పారు. వడ్డేపల్లి చెరువు కట్టకు తీసుకెళ్తానంటే కదలదు. ‘చేసినన్నాళ్లు చేశాను, ఇప్పుడు ఉత్తగా ఎందుకు తిరగాలి?’ అంటుంది. మేము ఏ పనీ చెప్పం, చీపురు కూడా పట్టుకోనివ్వం. బతుకమ్మకు ఊరు వెళ్తానన్నా నొప్పులు ఎక్కువవుతాయని ఆపాం. ఈ మొండితనం మాన్పించేదెలా?
- ఒక కొడుకు, హనుమకొండ

జవాబు: మొండితనం సంగతి వదిలేయండి. నాకు బాధ కలిగించింది మీ చివరి మాట. బతుకమ్మకు వెళ్తానన్న మనిషిని ఆపారా? అడుగు వేయడానికి ఇష్టం లేని ఆవిడ ఆ మాట ఎందుకు అడుగుతుంది?

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ, పాట అందుకుంటారు. ఒంటి బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతూనే ఉంటుంది. 65 దాటినవారు తూలి పడకుండా ఉండాలంటే, నిలకడ పెంచే కదలికలు వారానికి కనీసం 3 రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ అమ్మగారికి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య అది. దాన్ని మాన్పించి కట్ట మీద నడవమంటున్నారు.

ఆ తరం వాళ్లు నాటు వేయడానికి నడిచారు, పత్తి ఏరడానికి వంగారు, పొద్దుపోయాక పక్కింటి గడపకు వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి వచ్చారు. పనీ మనుషులూ లేని తిరుగుడు వాళ్లకు రుచించదు. అందులో తప్పేమీ లేదు.

మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. తెచ్చుకున్నాం, చెప్పం, పట్టుకోనివ్వం, ఆపాం. అన్నీ మీ నిర్ణయాలే. ఆమెను అడిగి చేసినది ఒక్కటీ కనబడలేదు. తల్లితో చాకిరీ చేయిస్తున్నాడని నలుగురూ అనకూడదన్నది మీ తాపత్రయం కావచ్చు. కానీ చేతిలో పని లాగేసుకుని ఇంత అన్నం పెట్టడాన్ని నేను సేవ అనను. కూర్చునే కొద్దీ తొడల కండ బలహీనపడి, ఆ భారమంతా మోకాళ్ల మీదే పడుతుంది.

కూరగాయలకు ఆమెను తీసుకెళ్లండి. బేరం ఆమె చేయాలి, సంచి మీరు మోయాలి. భోజనం చేశాక నాలుగు అడుగులు వేస్తే షుగరుకూ మంచిదే. మోకాళ్లు వాచి ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. షుగరు మాత్రలు వేసుకుంటున్నారేమో, ఖాళీ కడుపుతో ఎక్కువ దూరం నడిపించకండి. ఈ బాధ్యత మీ భార్య మీదికి నెట్టకండి, తల్లి మీకు.

బతుకమ్మ మొదలయ్యేది పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడే కదా, వచ్చే పెత్రమాసకు ముందు రోజే ఊళ్లో దింపి రండి. అంతకంటే ముందు, ఈ సాయంత్రం పక్కన కూర్చుని ఆమెకు ఏం చేయాలని ఉందో అడగండి. నడక మాట మాత్రం ఎత్తకండి.