ఓడిపోతే గవ్వలు మళ్లీ వేసే పిల్లాడు

ప్రశ్న: మాది బొబ్బిలి. బాబుకి ఆరేళ్లు. అష్టాచెమ్మాలో ఓడిపోతాననిపిస్తే గవ్వలు తీసి మళ్లీ వేస్తాడు, అడిగితే వెయ్యలేదంటాడు. చెల్లి వాటా పప్పుండలు దాచేస్తాడు. మా అత్తగారు ‘చెడ్డ గుంటడు’ అంటున్నారు. కొట్టకుండా, ఆటల్లోనే మంచీ చెడూ నేర్పొచ్చా?

జవాబు: నేర్పొచ్చమ్మా. ఆరేళ్లకి నియమం తెలుస్తుంది, కానీ గెలవాలన్న ఆత్రం ముందు అది నిలవదు. అబద్ధం కూడా చాలాసార్లు దెబ్బల భయంతోనే వస్తుంది. అంతమాత్రాన వాడి గుణమే చెడ్డదని తేల్చెయ్యకండి.

ముందు ఆటని వాడి ఓపికకి తగ్గట్టు కుదించండి. తలా నాలుగు కాయలైతే ఎంతకీ తెమలదు, విసుగొచ్చాక తొండి మొదలవుతుంది. తలా రెండు చాలు. గవ్వలు గిన్నెలో గిలకరించి పళ్లెంలో వెయ్యాలి. బయట పడితే ఎవరైనా మళ్లీ వెయ్యాలి, లోపల పడిందే లెక్క. ఈ నియమం ఆటకి ముందే వాడి చేత చెప్పించండి. అయినా తొండి చేస్తే ‘దొంగ’ అనకుండా ‘రెండు పడింది, రెండే జరుపు’ అనండి. మళ్లీ చేస్తే అరవకుండా ఆట ఆపేసి, మర్నాడు ఆడండి. జాలిపడి ప్రతిసారీ మీరే ఓడిపోకండి, వాడికి ఓటమి అలవాటు కాదు. మీ కాయ చచ్చినప్పుడు మాత్రం పైకే అనండి: ‘అయ్యో, పండేముందు పోయింది! బాధగానే ఉంది. సరే, మళ్లీ మొదలెడతా.’ ఓడినప్పుడు ఏమనాలో పిల్లలు మన నోటి నుంచే నేర్చుకుంటారు.

పప్పుండల సంగతికి బొమ్మలాట మేలు. పాత స్కూలు మేజోళ్లు రెండు తీసుకుని, కళ్లకి గుండీలు కుట్టి, చేతికి తొడుక్కోండి. తోలుబొమ్మలాటలోలా కేతిగాడు, బంగారక్క అని పేర్లు పెట్టండి. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని మాత్రం విడదీయొద్దు. చాలామంది ఇక్కడే పొరబడతారు. అలా చేస్తే మనుషుల్లోనే రెండు రకాలుంటారని, తాను చెడ్డ రకమని పిల్లాడు అనుకుంటాడు. ఇవాళ దాచిన కేతిగాడే రేపు పంచిపెట్టాలి. అయిదు నిమిషాల ఆట చాలు. కేతిగాడు బంగారక్క గాలిపటం దాచేశాక ఆపి, ‘ఇప్పుడేం చేస్తే బాగుంటుంది?’ అని అడగండి. ‘ఇది తప్పా, కాదా?’ అంటే మీకు నచ్చే జవాబు చెప్పేసి ఊరుకుంటాడు. తర్వాత బంగారక్కని వాడి చేతికివ్వండి. పోగొట్టుకున్న వాళ్ల బాధ అప్పుడు తెలుస్తుంది. ఆ రోజు వాడు చేసిన పనినే బొమ్మలతో ఆడించకండి, సిగ్గుపడి లేచిపోతాడు. చివర్లో నీతి చెప్పకండి.

అత్తగారిని తప్పుపట్టకుండా కేతిగాడి గొంతు ఆవిణ్నే పలకమనండి. ‘చెడ్డ గుంటడు’ బదులు ‘చెల్లి ఉండ చెల్లికి ఇచ్చెయ్ బాబూ’ అనమని మెల్లగా చెప్పండి. ఇచ్చినప్పుడు ‘గుడ్ బోయ్’తో సరిపెట్టక, ‘చెల్లి వాటా చెల్లికిచ్చావు’ అని ఏం చేశాడో చెప్పి మెచ్చుకోండి.

వాడు బళ్లోనూ ఇంట్లోనూ నెలల తరబడి తోటి పిల్లల్ని కొడుతున్నా, మూగజీవాల్ని హింసిస్తున్నా ఆటలతో ఆగకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.