సన్నీవేల్‌లో ఐక్లర్ ఇల్లు: చిన్నపిల్లతో, పెద్దవాళ్ళతో ఉండటానికి వీలుగా ఉంటుందా?

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 1960ల నాటి ఐక్లర్ ఇల్లు (జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కట్టించినది) నచ్చింది గానీ గోడలకు బదులు అన్నీ అద్దాలే, ఇంటి మధ్యలో కప్పు లేని ఏట్రియం, మూడేళ్ళ పాపతో, ఏటా వచ్చే అత్తమామలతో ఇబ్బంది అవుతుందేమో, ఏట్రియం కప్పేసి గది చేసుకోవచ్చా అని అడిగారు. మేం అలాంటి ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నామండీ. ఇల్లు తీసుకోండి. ఏట్రియం మాత్రం దయచేసి కప్పకండి.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వీధి తలుపు తీయగానే ఆకాశం కనిపించేసరికి "ఇది మన మండువా ఇల్లే కదే" అంది. వీధిలోంచి చూస్తే దాదాపు అంతా గోడే. లోపలికొస్తే గదుల అద్దాలన్నీ ఆ ఖాళీ వైపే. నేను పొయ్యి దగ్గర నించునే మా బాబు అక్కడ సైకిల్ తొక్కడం చూసేదాన్ని. అమ్మ అక్కడే కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. ఎవరి పనిలో వాళ్ళున్నా ఒకరికొకరం కనిపిస్తూ ఉంటాం. కప్పేస్తే చుట్టూ గదులన్నీ చీకటి. వానాకాలం ముందు అక్కడి డ్రెయిన్‌లో ఆకులు తీయించండి, చాలు.

ఇళ్ళు కట్టించిన జోసెఫ్ ఐక్లర్ ఆర్కిటెక్ట్ కాదు. 1940ల్లో ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన ఇంట్లో అద్దెకున్నాక, ఇలాంటివి మామూలు కుటుంబాలకూ అందాలనుకున్నారు. కాలిఫోర్నియాలో దాదాపు 11,000 కట్టించారు. ఏ జాతివాళ్ళకైనా అమ్మారు. ఇళ్ళ అమ్మకాల్లో జాతి వివక్షను బిల్డర్ల జాతీయ సంఘం ఖండించలేదని 1958లో అందులోంచి బయటికొచ్చేశారు. మనలాంటివాళ్ళం ఇక్కడ ఇల్లు కొనుక్కుంటున్నప్పుడు ఆ సంగతి గుర్తొస్తే నాకు చాలా గౌరవం కలుగుతుంది.

పెద్దవాళ్ళకి మెట్లుండవు, అంతా ఒకటే అంతస్తు. కాంక్రీటు నేలలో వేడినీళ్ళ గొట్టాలుంటాయి. డిసెంబర్‌లో అమ్మ మోకాళ్ళకి ఆ వెచ్చదనం ఎంత హాయో! మా బాబు నడక నేర్చుకున్నదీ ఆ నేల మీదే.

కష్టాలూ ఉన్నాయి. వంటిల్లు, హాలు కలిసే ఉంటాయి కాబట్టి ఇంగువ పోపు పడితే పడగ్గది దాకా వాసన. మేం చేపల పులుసు పెరట్లో విడి స్టవ్ మీద పెట్టేస్తాం. గోడలు పల్చన, కుక్కర్ విజిల్ మీ ఆఫీస్ మీటింగ్‌లో వినిపిస్తుంది. పైకప్పు కింద అటక లేదు, ఏసీ డక్టులు వేయడానికి చోటుండదు. మేం గోడకి బిగించే స్ప్లిట్ ఏసీ పెట్టించాం. కప్పు మీద ఫోమ్ వేయించాక సెప్టెంబర్ ఎండలు కాస్త తట్టుకోగలుగుతున్నాం.

అసలు టెన్షన్ నేలలోని గొట్టాలే. మూడో ఏడు, ఆ నీళ్ళని వేడిచేసే బాయిలర్‌లో ప్రెషర్ పడిపోతూ వచ్చింది. లీక్ ఎక్కడో శబ్దం విని పట్టే మనిషిని పిలిస్తే, హాల్లో ఒకచోట నేల పగలగొట్టి అతికారు. మావి రాగివి కాబట్టి సరిపోయింది. 1950ల మొదట్లో కొరియా యుద్ధం వల్ల రాగి దొరక్క కొన్ని ఇళ్ళలో ఉక్కు గొట్టాలు వేశారు, అవి తుప్పుపడతాయి. మీరు చూసింది 60లదే అయినా ఏ గొట్టాలో కనుక్కోండి, ప్రెషర్ టెస్ట్ చేయించండి.

మళ్ళీ చూడ్డానికి వెళ్ళేటప్పుడు ముందురోజు నుంచే బాయిలర్ ఆన్‌లో ఉంచమనండి. ఆ నేల వేడెక్కడానికి చాలా గంటలు పడుతుంది. చెప్పులు విప్పి ప్రతి గదిలో మూలమూలా నడవండి. ఎక్కడ కాలికి చల్లగా తగిలితే ఆ చోటు రాసుకుని ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి.