లాంటానా కొట్టినకొద్దీ గుబురుగా లేస్తోంది, అడవిలోంచి ఎలా తీయాలి?

నల్లమల అంచున మీ వీఎస్ఎస్ (వన సంరక్షణ సమితి) వాళ్లు అడవిని కమ్మేసే లాంటానా అనే కలుపు పొదను ఏటా కొడుతున్నా, వానలు పడగానే ఒక్కో మొదలుకు నాలుగైదు పిలకలు లేస్తున్నాయన్నారు. నేలకు పైన కొట్టినన్నాళ్లూ ఇలాగే ఉంటుంది. పిలక పుట్టేది కాండం, తల్లివేరు కలిసే చోట. అది మిగిలితే చాలు, చెట్టు లేస్తుంది. నిప్పు పెట్టినా అంతే. పైగా చుట్టూ ఉన్న గడ్డి కాలిపోయి, ఆ ఎండ, ఆ చోటు లాంటానాకే దక్కుతాయి.

కోయాల్సింది తల్లివేరును. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి ఇది, ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యంలోనూ వాడారు. ఒకరు పొదను పక్కకు వంచి పట్టుకుంటే రెండో మనిషి గడ్డపారతో మొదలు చుట్టూ మట్టి తీసి, నేల మట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున వేరును నరకాలి. మిగతా వేరంతా తవ్వనక్కర్లేదు. అందుకే జేసీబీ వద్దంటాను: నేల తిరగబడితే లోపలి గింజలు మొలుస్తాయి, ఖాళీలో వయ్యారిభామ కలుపు దిగుతుంది.

తీసిన పొదను వేరు పైకి ఉండేలా తలకిందులుగా ఆరబెట్టండి. పని ఎక్కువగా చెడేది ఇక్కడే. కొమ్మలు తడి నేలకు ఆనితే కణుపుల దగ్గర మళ్లీ వేళ్లూనుతాయి.

తొలకరికి మట్టి మెత్తబడ్డాక, కాయలు నల్లబడకముందే పని ముగించాలి. పండిన కాయల్ని పిగిలిపిట్టలు, గోరింకలు తిని చెట్ల మీద వాలి రెట్టలేస్తాయి. కాబట్టి పెద్ద చెట్ల కింద, వాగుల వెంట మొలకలు ముందు వెతకండి. జానెడు ఎత్తులో ఉంటే చేత్తోనే వేరుతో సహా వస్తాయి. కనీసం రెండు మూడేళ్లు ప్రతి వానాకాలం ఈ ఏరివేత తప్పదు. అది చేయలేనంత విస్తీర్ణం మొదలుపెట్టకండి. చిన్న ముక్క తీసుకుని, దాన్ని పూర్తిగా గెలిచాకే పక్క ముక్కకు వెళ్లండి.

ఖాళీ అయిన నేలను అలా వదలొద్దు. దగ్గరి అడవిలోని గడ్డి గింజలే ముందుగా సేకరించి పెట్టుకుని, తీసిన వెంటనే తడి నేలపై చల్లాలి. బయటి రకాలు తేవద్దు. గడ్డి నిలదొక్కుకునేదాకా అక్కడికి పశువులు రాకుండా చూడండి.

అనుమతి సంగతి: అభయారణ్యంలో మొక్కలు తొలగించడానికి 1972 వన్యప్రాణి చట్టంలోని 29వ సెక్షన్ కింద అనుమతి కావాలి, నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది. రేంజ్ అధికారితో రాతపూర్వకంగా తేల్చుకోకుండా కొడవలి ఎత్తకండి. కుప్పలు తగలబెట్టాలన్న నిర్ణయం కూడా అటవీ శాఖదే.

పొదలోకి వెళ్లేముందు కర్రతో కొట్టి, కేకలేసి, కాసేపు ఆగండి. పగలు ఎలుగుబంటి అందులోనే పడుకుని ఉండొచ్చు. కాండానికి ముళ్లుంటాయి, మందపాటి చేతితొడుగులు కావాలి. ఎండిన కర్ర వృథా కాదు. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు దాంతో కుర్చీలు, బుట్టలు చేస్తున్నారు. ఆకు మాత్రం పశువులకు, మేకలకు విషం, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కుప్పల్ని మేత దారులకు దూరంగా వేయండి.