తమిళనాడు సముద్రంలో గాలిమరలకు స్క్రూ పైల్స్ పనికొస్తాయా?

పనికొస్తాయి. స్క్రూ పైల్ అంటే మర రెక్కలున్న పునాది గొట్టం; సుత్తితో కొట్టకుండా స్క్రూలా తిప్పి నేలలోకి దించుతారు. ఈ ప్రశ్న చెన్నై నుంచి ఒకరు మన్నార్ సింధుశాఖను దృష్టిలో పెట్టుకుని అడిగారు, కాబట్టి "సుత్తి మోత ఉండదు కదా" అనే వాదనతో మొదలుపెడతాను. అది నిజమే. జర్మనీలో పైల్ కొట్టేచోటికి 750 మీటర్ల దూరంలో దెబ్బ మోత 160 డెసిబెల్స్ దాటకూడదని నియమం. దానికోసం చుట్టూ గాలిబుడగల తెర కట్టాల్సి వస్తోంది. తిప్పి దించే పైల్‌కు ఆ బాధ లేదు. పేచీ అంతా తిప్పడంలోనే ఉంది.

లెక్క చూడండి. పెద్ద గాలిమర మీద గాలి తోపు 1.5 మెగాన్యూటన్లు, అది సముద్రపు అడుగుకు 130 మీటర్ల పైన పడుతుందనుకుందాం. కూలదోసే మూమెంట్ (బలం × ఎత్తు) 195 మెగాన్యూటన్-మీటర్లు. నాలుగు కాళ్ల జాకెట్‌లో (గాలిమరను మోసే ఉక్కు చట్రంలో) కాళ్ల ఎడం 25 మీటర్లయితే, గాలివైపు ఒక్కో కాలిని పైకి లాగే బలం 3.9 మెగాన్యూటన్లు. గాలి మూలగా వీస్తే ఒక్క కాలి మీదే 5.5 పడుతుంది. సొంత బరువు అందులో కొంత తగ్గిస్తుంది, అంతే.

ఇప్పుడు టార్క్, అంటే పైల్‌ను మెలితిప్పే బలం. పైల్ బలాన్ని తట్టుకునే సామర్థ్యం అంటే, దించేటప్పుడు పట్టిన టార్క్‌ను కేటీ అనే గుణకంతో హెచ్చవేయడం అని అందరూ బట్టీపట్టేస్తారు. 89 మిల్లీమీటర్ల గొట్టానికి కేటీ మీటరుకు సుమారు 23. అదే 219 మిల్లీమీటర్లకు వచ్చేసరికి 9.8. షాఫ్ట్ (ఆ గొట్టం) లావెక్కేకొద్దీ ఇంకా పడిపోతుంది. లెక్కకు 3 అనుకుని 5.5ను దాంతో భాగించినా, సేఫ్టీ ఫ్యాక్టర్ కలపకుండానే 1.8 మెగాన్యూటన్-మీటర్ల (1,800 కిలోన్యూటన్-మీటర్ల) టార్క్ కావాలి. పొక్లెయిన్‌కు తగిలించే మోటార్లు ఇచ్చేది పదుల్లో, మహా అయితే వందల్లో కిలోన్యూటన్-మీటర్లు. పైగా నీళ్ల మీద పైల్ తిరగనంటే బార్జి తిరుగుతుంది! జాకెట్‌ను ముందే దించి, రెండు కాళ్ల పైల్స్‌ను ఎదురెదురు దిశల్లో ఒకేసారి తిప్పితే ఆ టార్క్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పుడు ఒకదానికి కుడి మర, ఇంకోదానికి ఎడమ మర రెక్కలు వెల్డ్ చేయించాలి. ఈ సంగతి ఆర్డరు పెట్టేటప్పుడే గుర్తుండాలి.

పని చెడేది ఎక్కడంటే, గట్టి ఇసుక పొర తగిలినప్పుడు. రెక్క మెలిక ఎడం (పిచ్) 300 మిల్లీమీటర్లయితే చుట్టుకు దాదాపు 300 దిగాలి. పొర తగలగానే 240 అవుతుంది, తర్వాత 150. ఆపరేటర్ మాత్రం తిప్పుతూనే ఉంటాడు, ఎందుకంటే ఆయనకు అప్పజెప్పింది లోతు. ఇక రెక్క దిగడం మానేసి ఇసుకను పైకి తోడడం మొదలుపెడుతుంది. బంకమన్నయితే పిసికి మెత్తన చేస్తుంది. అలాంటప్పుడు చుట్టు నెమ్మది చేసి, కిందికి నొక్కే బలం పెంచాలి. కావాలనే పిచ్ కంటే తక్కువ దించే పద్ధతి లేకపోలేదు, నొక్కే బలం బాగా తగ్గుతుంది కూడా. కానీ దాన్ని డిజైన్‌లోనే పెట్టుకోవాలి, అప్పుడు పాత కేటీ చెల్లదు. ఒకే షాఫ్ట్‌కు రెండు మూడు రెక్కలుంటే అన్నిటి పిచ్ ఒకటే కావాలి, వాటి ఎడం పిచ్‌కు సరిగ్గా పూర్తి రెట్లలో (రెండు, మూడు, ఇలా) ఉండాలి. లేకపోతే వెనక రెక్క ముందుదాని గాడిలో నడవక మన్నంతా చిందరవందర చేస్తుంది.

చెన్నై తీరం వెంట వెళ్లే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) పక్కన సోలార్ స్టాండ్లకు వేసే చిన్న స్క్రూల రిపోర్టుల్లో సైతం లోతు గడి నింపి టార్క్ గడి ఖాళీగా వదిలే అలవాటు చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇది కొత్త వింతేమీ కాదు. చూపులేని ఐరిష్ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్ 1833లో పేటెంట్ తీసుకున్నాడు. థేమ్స్ మొగలో మాప్లిన్ లైట్‌హౌస్ కోసం 1838లో 4 అడుగుల రెక్కలున్న 9 పైల్స్‌ను మనుషులే తెప్ప మీద నిలబడి తిప్పి దించారు. అడుగున ఇసుక కోసుకుపోయి 1932లో అది కూలింది. మన మద్రాసులో 1861లో కట్టిన స్క్రూ పైల్స్ ఇనుప పియర్‌ను (సముద్రంలోకి కట్టిన రేవు వంతెనను) 1868, 1872 తుఫాన్లు పనికిరాకుండా చేశాయి. అడుగున ఇసుక కోసుకుపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి: 2 మీటర్ల రెక్క 14 మీటర్ల లోతున ఉంటే ఆ లోతు రెక్క వ్యాసానికి 7 రెట్లు. పైన 2 మీటర్ల ఇసుక పోతే మిగిలేది 6 రెట్లే, లాగుడుకు ఆనే మన్ను ఆ మేరకు తగ్గిపోతుంది.

2024లో సముద్రపు గాలిమరలకు కేంద్రం ఆమోదించిన ఆర్థిక సాయంలో తమిళనాడు వాటా 500 మెగావాట్లు. దాని టెండర్లలో స్క్రూ పైల్ మాట రావాలంటే ముందు ఒక్క పైల్‌నైనా ఇక్కడి ఇసుకలో దించాలి. చుట్టుచుట్టుకూ టార్క్, దిగిన లోతు, నొక్కిన బలం రాసుకుని, తర్వాత దాన్ని పైకి లాగి చూడాలి. మోనోపైల్ (ఒకే లావు గొట్టంతో వేసే పునాది) కంటే చవకా కాదా అన్నది ఆ తర్వాతి మాట.