మూడు రూపాయల వడ్డీ, బీరువాలోని గొలుసు

ప్రశ్న: మావారి జీతం నెలకు 34,000 రూపాయలు. అమ్మాయి ఓణీల వేడుకకు నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చిన లక్ష అలాగే ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 60,000 ఉంటే నెలనెలా కనీస మొత్తం 3,000 కడుతున్నాము. 5,000 చొప్పున కట్టే లక్ష రూపాయల చీటీ ఇంకా ఎనిమిది నెలలుంది, బ్యాంకు ఆర్.డి.లో 2,000 వేస్తున్నాము. పాలు, కూరగాయలతో సహా అన్నీ తగ్గించి ప్రతి ఖర్చూ రాసుకుంటున్నా అప్పు తరగడం లేదు. నాలుగు కాసుల గొలుసు ఉంది గాని తాకట్టు పెట్టడానికి మనసొప్పడం లేదు. ఇంకా ఏం తగ్గించాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇంటి ఖర్చులో మీరు తగ్గించవలసింది ఇక ఏమీ లేదు, పిల్లల పాలు తగ్గించి ఉంటే దయచేసి మళ్లీ పోయించుకోండి. మీ పుస్తకంలో వడ్డీకి వేరే పేజీ పెట్టి చూడండి. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతమైతే 60,000 మీద 2,100, దానిపై 18 శాతం జి.ఎస్.టి. 378, కలిపి 2,478 అవుతుంది. అంటే మీరు కట్టే 3,000లో అసలుకు చేరేది 522 రూపాయలే. నోటు మీద ఇచ్చే 3,000లో అసలుకు ఒక్క రూపాయి కూడా పోదు. నెలకు ఐదున్నర వేలు ఇలా పోతుంటే కూరగాయల దగ్గర మిగిల్చిన మూడు, నాలుగు వందలు ఏ మూలకు చాలుతాయి?

నగ తాకట్టు పెడితే పరువు పోతుందన్న భయం చాలా ఇళ్లలో ఉంది, మీ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఏడాదికి 36 శాతం వడ్డీ కడుతూ బంగారాన్ని బీరువాలో ఉంచడం సరికాదని గట్టిగా చెబుతున్నాను. బ్యాంకులో ఏడాదికి పది శాతం వడ్డీకి 1,60,000 తీసుకుని రెండు బాకీలూ ఒకేసారి తీర్చేస్తే, మొదటి నెల వడ్డీ సుమారు 1,333 మాత్రమే అవుతుంది. మధ్యలో అసలు కడితే వడ్డీ తగ్గే పద్ధతిలోనే రుణం ఇవ్వమని ముందుగానే అడగండి. ఆరేడు శాతం వచ్చే ఆర్.డి.ని ఆపి ఆ 2,000, ఇంతవరకు ఆ రెండు బాకీలకు పోయిన 6,000 కలిపి నెలకు 8,000 చొప్పున కడితే, ఎనిమిది నెలలకు బాకీ 1,05,000కు దిగుతుంది. అప్పటికి చీటీ పూర్తవుతుంది కాబట్టి, కమిషన్ అయిదు శాతమైతే అది పోను వచ్చే 95,000 అందులో జమచేస్తే మిగిలిన పదివేలూ పదో నెలకల్లా తీరి గొలుసు ఇంటికి వస్తుంది.

చీటీని ముందే పాడి వేలకు వేలు వదులుకోవద్దు. అది రిజిస్టరైన సంస్థది కాక తెలిసినవారు వేసే ఇంటిచీటీ అయితే మాత్రం, కొంత నష్టమైనా ముందే పాడుకోవడం మంచిదని నా అభిప్రాయం.

కార్డు బాకీ పూర్తిగా తీరేదాకా దానితో ఏమీ కొనకండి. పాత బాకీ ఉండగా కొత్త కొనుగోలుకు గడువు లేకుండా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. నోటు బాకీ తీర్చే రోజున మీరిద్దరూ కలిసి వెళ్లి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, నోటు వెనుక చెల్లు రాయించి, అసలు నోటు చేతికి తీసుకున్నాకే అక్కడి నుంచి లేవండి.