కోట్‌గఢ్ వెళ్లే ముందు

స్వప్నా,

సిమ్లా దగ్గరి కోట్‌గఢ్ వెళ్లి తోటల దగ్గరే ఆపిల్స్ కొని లోడు పంపిస్తావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి పిల్ల దళారీ లేకుండా సరుకు తెస్తోందని ఆ రాత్రి మీ అత్తయ్యకు మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మొదలుపెడితే ఇక పడుకోమంది. పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

కాల్కా దాకా రైలు, అక్కణ్ణుంచి టాక్సీ. బొమ్మరైలు సరదా తిరిగొచ్చేటప్పుడు తీర్చుకో. స్వెట్టర్ పెట్టుకో. ఇవన్నీ నీకు తెలుసు.

తెలియనిది ఒకటుంది. 1994లో నాకూ తెలియలేదు. కొత్తపేటలో కొట్టు పెట్టి మూడేళ్లయింది. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో కమీషన్ తప్పించుకుంటే లాభమంతా నాదే అనుకుని జులై ఆఖర్లో బయల్దేరాను. సట్లెజ్ వైపు దిగే వాలులో ఒక తోట. కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది, కొరికితే తేనె. రేటు కూడా తక్కువే చెప్పాడు. ఎందుకు తక్కువని అడగలేదు చూడు, అక్కడ మునిగాను. వానలో తడిసిన పెట్టెలే లారీకెక్కించాను. కొండ విరిగిపడి మూడు రోజులు దారి మూసుకుపోయింది. లారీ కొత్తపేట చేరేసరికి టార్పాలిన్ విప్పకముందే కల్లు వాసన! కాయ నొక్కితే ముగ్గిన సపోటాలా వేలు దిగిపోయింది. సగం లోడు పారబోశాను. లారీ కిరాయికి మీ అమ్మ తన చిట్టీ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈ రోజుకీ ఆ మాట ఎత్తదు. నువ్వు కూడా నేను చెప్పానని అనకు.

మరుసటి ఏడు కోట్‌గఢ్‌లో ఆకుపచ్చ పట్టీ టోపీ పెట్టుకున్న ఒక ముసలి రైతు నా కథ విని నవ్వాడు. "రేటు అడిగావు సరే, తోట ఎంత ఎత్తులో ఉందో అడిగావా?" అన్నాడు. కింది తోటల కాయ జులైలోనే పండుతుంది, తొందరగా మెత్తబడుతుంది. పైకి పోయేకొద్దీ ఆగస్టు, సెప్టెంబరు. కిన్నౌర్‌లో అయితే అక్టోబరు దాకా కోస్తారు. పై కొండల కాయ గట్టిగా ఉంటుంది, హైదరాబాదు దాకా దాదాపు 2,000 కిలోమీటర్లు తట్టుకుంటుంది. స్టోక్స్ అనే అమెరికన్ 1916లో అక్కడే రెడ్ డెలీషియస్ మొక్కలు నాటాడనీ, తర్వాత మన స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్లాడనీ, ఆపైన సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడనీ కూడా ఆ పెద్దాయనే చెప్పాడు, మూడో టీ పోయిస్తూ. తొందరపడి లేవకు, అక్కడ బేరం టీలయ్యాకే మొదలవుతుంది.

పెట్టె అడుగు వరస దాకా తీయించి చూడు. పైన పెద్ద కాయ, కింద పిట్టూ కాయ, అంటే చిన్న కాయ, ఉంటే మొహమాటపడకుండా తిరగ్గొట్టు. ఇప్పుడు 2024 నుంచి యూనివర్సల్ కార్టన్ వచ్చింది, అంటే అందరికీ ఒకే సైజు అట్టపెట్టె, 20 కిలోల లెక్క. మా రోజుల్లో పెట్టెకు ఎంత పడితే అంత కుక్కేవాళ్లు, రైతుకే నష్టం. ఇంకోటి, తోటే కొనేద్దామని అన్నావట. 1972 చట్టం 118వ సెక్షన్ ప్రకారం హిమాచల్‌లో అక్కడి రైతు కానివాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. మన ఊళ్లో పొలం ఉందన్నా చెల్లదు. ఆ కల మానుకో.

ఇక అసలు సంగతి. జలోరీ కనుమ దాటి కులూ వెళ్తావని విన్నాను. ఆ దారి ఔట్ దగ్గర బియాస్ ఒడ్డుకు చేరుస్తుంది. థలౌట్ అక్కడికి దగ్గరే. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ పిల్లలు అక్కడే నదిలో రాళ్ల మీద ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది, స్వప్నా. నువ్వప్పుడు ఇంటర్. టీవీలో ఆ వార్త వస్తే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి. నీళ్లు మోకాళ్ల లోతే ఉన్నా, పక్కవాళ్లంతా దిగినా, నువ్వు దిగొద్దు. కోపంగా చెబుతున్నాననుకో, పరవాలేదు.

వీలైతే ప్రయాణం సెప్టెంబరుకు మార్చు. వానలు తగ్గుతాయి, పైకాయ దిగుతుంది. రోజూ రాత్రి ఫోన్ చెయ్యి. రేటు సంగతి తర్వాత, ముందు నదికి ఎంత దూరంలో ఉన్నావో చెప్పు.

మీ మామయ్య